పెరటి వసంతం

పాఠ్యాంశ పరిచయం

ప్రబంధాలలోని వసంతవర్ణనలు చదివే విద్యార్థికి ఆ వసంతం ఎక్కడో నందనవనంలో జరిగిన సంగతిగా తోచడం సహజం. కవులు వర్ణించిన చెట్లలో, పక్షులలో చాలా భాగం మన ఇళ్ల వెనుకనే ఉన్నాయి. వారు కంటితో చూసి చెప్పినది ఏది, ఆనవాయితీని బట్టి చెప్పినది ఏది అని పెరట్లో నిలబడి పరిశీలించడమే ఈ పాఠ్యాంశంలోని విషయం.

పెరటి వసంతం

పెరటి చెట్టు మందుకు పనికిరాదని తెలుగువారి సామెత. చేతికి అందే చెట్టు విలువ కంటికి ఆనదని దాని భావం. మందు సంగతి అలా ఉంచితే, చూపు విషయంలోనూ ఈ సామెత నిజమే. కోకిల కోసం కావ్యాలు తిరగేసేవాడు తన ఇంటి మామిడిచెట్టు మీద కూర్చున్న కోకిలను చూసి కాకి అనుకొని ఊరుకొంటాడు. అందులోనూ ఆడకోకిలను చూస్తే అది ఏ పక్షో కూడా చెప్పలేడు.

పెరడంటే ఉద్యానవనం కాదు. ఎవరూ గీత గీసి నాటిన తోట కాదది. బావి, నీళ్ల తొట్టె, అంట్లు తోముకొనే గట్టు, ఆ నీళ్లు పారే చోట రెండు అరటిపిలకలు, వంటింటి గుమ్మానికి అందుబాటులో కరివేప, గోడవార మునగ, పూజకు మందారం, నందివర్ధనం, ఆడపిల్లల జడలకు మల్లెపాదు, ఒక మూల నీడకు వేప, స్థలం కాస్త ఎక్కువ ఉన్నవారికి మామిడి. ప్రతి మొక్కా ఇంటి అవసరం కోసమే అక్కడికి వచ్చింది. అయినా ఒకే చోట ఇన్ని జాతుల చెట్లు, తడి నేల, నీడ, ఎంగిలి మెతుకులు దొరకడం వల్ల పెరడు పక్షులకు అనువైన చోటుగా మారింది. దానిని ఎవరూ పక్షుల కోసం ఏర్పాటు చేయలేదన్న మాటను మాత్రం గుర్తుంచుకోవాలి.

చైత్ర వైశాఖాలు వసంత ఋతువని బాల్యంలోనే నేర్చుకొంటాం. చాంద్రమానం ప్రకారం చైత్రశుద్ధ పాడ్యమి ఏటా ఒకే తేదీన రాదు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వస్తే, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. చెట్టు పంచాంగం చూడదు. పగటి నిడివి, ఎండ, నేలలోని తేమ దానికి తెలిసిన లెక్కలు. అందువల్ల పెరట్లో వసంతం ఒక రోజున అడుగుపెట్టదు, విడతలు విడతలుగా వస్తుంది. ఉగాదినాటికి పచ్చట్లోకి కాయ కావాలి కనుక మామిడి అంతకు ఎంతో ముందే, శీతకాలం వెళ్లకముందే పూతకు వస్తుంది. మునగ తెల్లని గుత్తులతో దానికి తోడు నిలుస్తుంది. మార్చిలో వేప ఆకు రాల్చి, రాగిరంగు చిగురు వేసి, ఆ వెంటనే పూస్తుంది. వేపపూత వాసన పగలు అంతగా తెలియదు. సంధ్య వేళకు గాలి చల్లబడ్డాక పెరడంతా పరచుకొంటుంది. అంత చేదు చెట్టుకు అంత తీయని వాసన ఉండడం చిత్రమే. ఎండ ముదిరేకొద్దీ మల్లె మొగ్గలు పెరుగుతాయి. ఈ క్రమాన్ని ఒక్క ఏడాది తేదీలతో సహా రాసుకొన్నవాడికి ఋతువు అన్న మాటకు అర్థం నిఘంటువు చెప్పినదానికన్నా బాగా తెలుస్తుంది.

మామిడి పూతను దగ్గరగా చూడటానికి ఒక ఉదయం చాలు. ఒక్కొక్క గుత్తిలో వందలకొద్దీ చిన్న పూలుంటాయి. వాటిలో చాలా భాగం కేసరాలు మాత్రమే ఉన్న మగపూలు, అవి కాయ కాయవు. మిగిలిన వాటిలోనూ పిందె దిగేది కొద్ది పాలు. చెట్టు కింద రాలిన పూతను చూసి ఇంటివారు ఈ ఏడు కాపు పోయిందని దిగులుపడతారు గాని, రాలడం ఆ చెట్టు స్వభావం. ఇక ఆ పూత మీద వాలేదెవరు? మావిపూత అనగానే కవి తుమ్మెదను తెస్తాడు. పెరట్లో నిలబడి చూస్తే ఎక్కువగా కనిపించేవి ఈగలు. రకరకాల ఈగలు, చిన్న తేనెటీగలు ఆ పూతను ఫలదీకరిస్తాయి. ఈగ అన్న మాట శృంగారకావ్యంలో ఇమడదు కనుక కవి దానిని పక్కన పెట్టి ఉండవచ్చు. అలాగని తుమ్మెదకు పెరట్లో పని లేదని కాదు. అది మునగపూల దగ్గర ఉంటుంది. నల్లని ఒళ్లు, నీలి మెరుపు రెక్కలు గల ఆ పెద్ద తుమ్మెద బరువుకు మునగగుత్తి కిందికి వంగడం ఎవరైనా చూడవచ్చు. మునగ ఫలదీకరణలో ఈ తుమ్మెదలదే ముఖ్యపాత్ర అని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1990లో ప్రచురించిన అధ్యయనంలో తెలిపారు. పులుసులోకి వచ్చే మునక్కాయ వెనుక కవుల తుమ్మెద ఉందన్నమాట! అయితే మునగ వంటింటి చెట్టు. ప్రబంధనాయిక విహరించే వనంలో దానికి చోటు దొరకలేదు.

ఈ సందర్భంలో కవిసమయం అన్న మాటను తెలుసుకోవాలి. లోకంలో ఉన్నా లేకున్నా కవులు పరంపరగా ఒప్పుకొన్న విషయాన్ని కవిసమయం అంటారు. హంస పాలను నీళ్లను వేరుచేయడం, చకోరం వెన్నెల తాగడం ఇటువంటివి. క్రీ.శ. 9, 10 శతాబ్దాల నాటి రాజశేఖరుడు కావ్యమీమాంసలో వీటిని వర్గీకరించాడు. లేనిదానిని ఉన్నట్లు చెప్పడం ఒక రకమైతే, ఉన్నదానిని చెప్పకుండా విడిచిపెట్టడం మరొక రకం. చందనవృక్షానికి పూలు, కాయలు ఉన్నా వర్ణించకూడదు. వసంతంలో మాలతిని చెప్పకూడదు. రాజశేఖరుడు ఈ ఆనవాయితీలను వివరించిన తీరు చూస్తే, లోకంలో ఉన్న వాస్తవం ఆయనకు బాగా తెలుసునని బోధపడుతుంది. తెలియనివాడు విడిచిపెట్టడం వేరు, తెలిసి విడిచిపెట్టడం వేరు. తరువాతి కవులలో కొందరు ఈ తేడాను మరిచి, చెట్టును చూడకుండా వెనుకటి కావ్యాన్ని చూసి వర్ణనలు సాగించారు. ఆ పద్యాలలో శబ్దసౌందర్యానికి లోటు లేదు గాని, ఎన్ని చదివినా వాటిలో ఒక్క కొత్త పక్షి కూడా ఎగరదు.

కోకిల విషయంలో కవిసమయానికీ పరిశీలనకూ ఉన్న సంబంధం మరింత ఆసక్తికరమైనది. మామిడిచిగుళ్లు తిని కోకిల కంఠం తీయబడుతుందన్నది కావ్యప్రసిద్ధం. వాస్తవానికి కోకిల ముఖ్యంగా పండ్లు తినే పక్షి. మర్రి, రావి, మేడి పండ్లు, వేపపండ్లు దానికి ఇష్టం. అప్పుడప్పుడు గొంగళిపురుగులనూ తింటుంది. మామిడి గుబురులో అది కూర్చునేది చాటు కోసం. చిగుళ్ల నడుమ నుంచి కూత వినిపించింది కాబట్టి చిగుళ్లే ఆహారమని ఎవరో భావించి ఉంటారు. తెలుగువారు ముద్దుగా కోకిలమ్మ అని పిలుచుకొంటారు గాని, ఆ స్థాయి పెంచుకొంటూ పోయే కూత మగపక్షిది. ఒళ్లంతా మెరిసే నలుపు, ఎర్రని కన్ను దాని గుర్తులు. ఆడకోకిల గోధుమరంగు మీద తెల్లని చుక్కలతో వేరే జాతి పక్షిలా ఉంటుంది. కిక్ కిక్ మని గబగబా అరుస్తుందే తప్ప పాడదు. శీతకాలంలో కోకిల ఎక్కడికో వెళ్లి వసంతంలో తిరిగి వస్తుందని చాలామంది అనుకొంటారు. మన ప్రాంతంలో అది ఏడాది పొడుగునా ఉంటుంది. పిలవవలసిన జోడు, కాపాడుకోవలసిన చోటు లేని నెలల్లో అది మౌనంగా ఉంటుంది, అంతే.

ఇక్కడ చిగుళ్ల విషయంలో పొరబడిన సంప్రదాయమే మరొక విషయంలో ఎంత సూక్ష్మంగా చూసిందో గమనించాలి. కోకిల గూడు కట్టదు. కాకి గూడు కట్టి గుడ్లు పెట్టే సమయం చూసుకొని ఆ గూటిలో తన గుడ్డు పెడుతుంది. కాకిగుడ్డును పోలి ఉన్నా అది పరిమాణంలో చిన్నది. కోకిల పిల్ల కాకి పిల్లలకన్నా ముందే బయటపడి, కాకి తెచ్చే మేతలో పెద్దవాటా అందుకొంటుంది. గూట్లో ఉన్న నల్లపిల్లలలో పరాయిది ఏదో కాకికి తెలియదు. అమరకోశం కోకిలకు చెప్పిన పర్యాయపదాలలో పరభృతం ఒకటి. ఇతరులచేత పెంపబడినది అని అర్థం. అదే గ్రంథం కాకికి చెప్పిన పేర్లలో పరభృత్తు ఉంది. ఇతరులను పెంచేది అని దాని అర్థం. ఒకే ధాతువు నుంచి పుట్టిన రెండు మాటలలో ఒక జీవశాస్త్ర సత్యాన్ని నిక్షేపించిన ఆ పేర్లు ఏ సభలోనో పుట్టినవి కావు, చెట్టు కింద నిలబడి చూసినవారు పెట్టినవి. కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం అయిదవ అంకంలో దుష్యంతుడు ఈ విషయాన్నే శకుంతల మీద నిందగా ప్రయోగిస్తాడు. పక్షి స్వభావాన్ని రాజు సరిగానే చెప్పాడు. ఎదుట నిలిచిన మనిషి స్వభావాన్నే గుర్తించలేకపోయాడు.

ఏప్రిల్, మే నెలల్లో వేపచెట్టు మీద కాకి పుల్లలు పేర్చడం కనిపిస్తే ఆ చెట్టును విడవకుండా చూడాలి. మగకోకిల బాహాటంగా కూస్తూ దగ్గరికి వస్తే కాకులు దానిని తరుముతాయి. ఆడకోకిల ఆ పరిసరాలలోనే కొమ్మల చాటున కదలకుండా ఉంటుంది. కావ్యాలలో మన్మథుని సేనానిగా పేరుపొందిన ఆ పక్షి కాకిచేత తరమబడుతూ కరెంటుతీగల మీదుగా పారిపోయే దృశ్యం ఏ ప్రబంధంలోనూ కనిపించదు. పెరట్లో మాత్రం ప్రతి ఏటా కనిపిస్తుంది.

మందారం దగ్గర జరిగే కథ వేరు. వసంతంలో మగ తేనెపిట్ట నీలి నలుపులో ఎండకు తళతళలాడుతుంది. పది గ్రాములు మించని ఆ పిట్ట వంపు తిరిగిన ముక్కుతో పూవులోని తేనెను తాగుతుంది. మందారం వంటి పెద్దపూవు ఎదురైతే ముఖద్వారం గుండా పోక, పూవు మొదట్లో చిన్న రంధ్రం పొడిచి తేనె దొంగిలిస్తుంది. పుప్పొడి అంటకుండా తేనె అందుతుంది కనుక ఆ బేరంలో పూవుకు లాభం లేదు. దీనిని చూసి హమ్మింగ్ బర్డ్ అని చెప్పేవారున్నారు. ఆ పక్షులు అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా లేవు. మనది తేనెపిట్టే. జత కట్టే కాలం ముగిశాక మగపిట్ట ఆ మెరుపు కోల్పోయి, పసుపు పొట్ట మీద గొంతు నుంచి దిగిన ఒక నల్లచారతో మిగులుతుంది.

గూడు కట్టే పని ఆడపిట్టది. నార, ఎండుటాకు తునకలు, బెరడు పొట్టు, వీటన్నిటినీ కలిపి పట్టే సాలెపట్టు. కొమ్మ చివర వేలాడే ఆ సంచికి పక్కన ద్వారం, ద్వారం పైన వాన పడకుండా చిన్న చూరు. పైకి చూస్తే గాలికి చిక్కుకొన్న చెత్తలా కనిపిస్తుంది. శుభ్రత పేరుతో చీపురుకు తగిలేది కూడా అందుకే. పండుగకు ముందు బూజు దులిపే ఇల్లాలికి ఆ బూజు ఒక పిట్టకు సిమెంటని తెలిస్తే, వంటింటి బూజు దులిపి మందారం కొమ్మల మీది పట్టును ఉండనిస్తుంది. గుర్రం జాషువా (1895–1971) గిజిగాడి మీదా సాలీడు మీదా ఖండికలు రాశాడు. నాయికానాయకులు లేని చిన్న ప్రాణి గూటి ముందు, పట్టు ముందు తెలుగు పద్యం ఆగి నిలబడి చూడటం విశేషం. వెనుకటి కావ్యాన్ని కాక పక్షినే చూసిన కవికి అది సాధ్యమైంది.

ఆకుల అంచులకు ముక్కుతో బెజ్జాలు చేసి, నారతో దగ్గరికి లాగి కుట్టే దర్జీ పిట్టనూ పెరట్లో చూడవచ్చు. కుట్టిన ఆకు చెట్టుకే ఉండి పచ్చగా ఉంటుంది కనుక గూడు ఎక్కడుందో కనిపెట్టడం కష్టం. నల్లని జుట్టు, తోక కింద ఎర్రని మచ్చ గల పిగిలిపిట్ట మల్లెపాదులోనో నిమ్మకొమ్మలోనో దొన్నెలాంటి గూడు పెడుతుంది. నేలకు దగ్గరగా ఉండే ఆ గూటిని పిల్లి, కాకి, జెముడుకాకి దక్కనివ్వడం అరుదు. మల్లెపూలు కోసే చేయి గూటికి తగిలితే చప్పుడు చేయక వెనక్కు తీసుకోవడం మంచిది. మాటిమాటికీ వెళ్లి చూసేవారి వెంట కాకి చూపు కూడా వెళుతుంది.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఎండుకొమ్మ దగ్గర ఎదురవుతుంది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు వీధి సద్దుమణిగాక టుక్, టుక్, టుక్ మని ఆగకుండా రేకు మీద సుత్తి కొట్టినట్లు ఒక ధ్వని వస్తుంది. అది కంసాలి పిట్ట కూత. ఆకుపచ్చని శరీరం, నుదుట ఎర్రని బొట్టు. తల అటూ ఇటూ తిప్పుతూ కూయడం వల్ల ధ్వని ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపించి చెట్టు మీద పిట్టను వెతకడం కష్టమవుతుంది. ఈ పిట్టకు గూడు కట్టడం రాదు. మెత్తబడిన ఎండుకొమ్మను, ముఖ్యంగా మునగ వంటి గుల్లకర్రను, ముక్కుతో తొలిచి తొర్ర చేసుకొంటుంది. ఆడపిట్ట, మగపిట్ట వంతులవారీగా తొలుస్తాయి. ద్వారం కొమ్మ అడుగువైపు ఉంటుంది. ఇంటి యజమాని దృష్టిలో ఆ కొమ్మ ఎండిపోయింది, విరిగి ఎవరి మీదైనా పడుతుంది, కొట్టించాలి. ఆయన భయం అబద్ధం కాదు. మునగకొమ్మ పెళుసుది. దారి మీదికి వాలిన కొమ్మను కొట్టించవలసిందే. గోడ వెంట ఎవరూ నడవని వైపున్న కొమ్మను మాత్రం పిల్లలు ఎగిరిపోయేదాకా ఆపవచ్చు. కొట్టించే ముందు అడుగువైపు గుండ్రని రంధ్రం ఉందేమో ఒకసారి తలెత్తి చూడటానికి పట్టే సమయం అర నిమిషం. చెట్టంతా పచ్చగా, చక్కగా కత్తిరించి ఉంచిన తోటలలో ఈ పిట్టకు చోటు దొరకదు. అందమైన తోట వేరు, పక్షులున్న తోట వేరు.

ఊరపిచ్చుక సంగతి చెప్పకుండా పెరటి పక్షుల కథ పూర్తికాదు. పెంకుటింటి వాసాల సందులలో, గోడకు వేలాడదీసిన పటాల వెనుక అది గూడు పెట్టేది. చావడిలో వరికంకుల కుచ్చు కట్టడం పిచ్చుకలకు మనిషి ఇచ్చిన వాటా. 2010 నుంచి మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినోత్సవంగా జరుపుతున్నారు. పిచ్చుక అంతరించిపోతోందని సాధారణంగా చెబుతుంటారు. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద దాని సంఖ్య ఇంచుమించు నిలకడగానే ఉంది, తగ్గింది మహానగరాలలో. సందులేని కాంక్రీటు గోడలు ఒక కారణంగా తోస్తున్నాయి. మరొకటి అంతగా కంటికి కనపడనిది. పెద్ద పిచ్చుక గింజలు తిన్నా పిల్లలకు పురుగులు పెట్టాలి. పురుగు లేకుండా మందు కొట్టిన పెరట్లో నూకలు ఎన్ని చల్లినా పిల్ల బతకదు.

పరిశీలనకు ఖరీదైన సాధనాలు అవసరం లేదు. సలీం అలీ 1931–32లో నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానమంతటా తిరిగి పక్షులను సర్వే చేశాడు. పక్షిశాస్త్రంలో అంత దూరం వెళ్లనక్కరలేనివారికి పెరడు చాలు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే పెరటి పక్షుల గణనలో మన దేశంలోనివారు 2013 నుంచి పాల్గొంటున్నారు. అందులో కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట ఉండి కనబడిన పక్షులను లెక్కించి నమోదు చేయాలి. విద్యార్థి తన నోటుపుస్తకంలో తేదీ, వేళ, చెట్టు, పక్షి, అది ఏం చేస్తున్నది, ఈ అయిదింటిని రాసుకొంటే సరిపోతుంది. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, తోక రాసుకోవాలి. తెలియని పేరును ఊహించి రాయడం కన్నా ఖాళీ వదలడం మేలు.

ఆ ఖాళీని నింపేవారు ఇంట్లో ఉండగానే అడగాలి. పిగిలిపిట్ట, జెముడుకాకి, కంసాలి పిట్ట అన్న పేర్లు తెలిసినవారు చాలా ఇళ్లలో అమ్మమ్మలు, తాతయ్యలు. ఐదు సెంట్ల పెరడు మూడంతస్తుల అపార్టుమెంటు అయినప్పుడు పోయేది చెట్టు ఒక్కటే కాదు. చెట్టును చూపి ఇదిగో అని చెప్పే సందర్భం పోతుంది. చూతం అంటే మామిడి అని అర్థం రాసి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి మామిడిపూత వాసన ఎరుగకపోతే, వసుచరిత్రలోని వసంతం అతనికి సంధులు విడదీసే పనిగానే మిగులుతుంది. అయినా బాల్కనీ కుండీలోని మందారానికి తేనెపిట్ట వస్తుంది. మేడ మీద నీళ్ల తొట్టి అంచున వేసవి మధ్యాహ్నం పిగిలిపిట్ట వాలుతుంది. ఎదురింటి వేపచెట్టు మీద కాకి పుల్లలు పేరుస్తుంటే, ఈ ఇంటి కిటికీలోంచి కూడా కనిపిస్తుంది.

అభ్యాసం

1. కవిసమయం అంటే ఏమిటి? దానిలోని రెండు రకాలను పాఠ్యాంశంలోని ఉదాహరణలతో వివరించండి.
2. పరభృతం, పరభృత్తు అన్న పదాలు ప్రాచీనుల పరిశీలనకు నిదర్శనాలని ఎలా చెప్పవచ్చు?
3. ఎండుకొమ్మను కొట్టించాలనే యజమాని వాదంలోని న్యాయమెంత? మీ అభిప్రాయం రాయండి.
4. పెరటి చెట్టు మందుకు పనికిరాదు అన్న సామెతను పాఠ్యాంశంలో ఏ అర్థంలో వాడారు?
5. వారం రోజులపాటు ఒకే చెట్టును ఒకే వేళకు పదిహేను నిమిషాలు పరిశీలించి, చూసినది ఒక పుటకు మించకుండా రాయండి. మీ ఇంటిలోని పెద్దలు ఆ పక్షులను ఏ పేర్లతో పిలుస్తారో అడిగి తెలుసుకొని చేర్చండి.